లెక్కలో లేని ఆదివారం

2007 వేసవి. ఢిల్లీ కంటోన్మెంటు పక్క కాలనీలో మా తెలుగు సంఘానికి రెండు గదులుండేవి. ముందు గదిలో పిల్లలకు తెలుగు పాఠాలు, వెనక గదిలో ఏడు పాత కంప్యూటర్లు. గుర్గావ్ ఆఫీసుల వాళ్లు కొత్తవి కొనుక్కుని వదిలేసినవాటిని ఎవరో ఒకరు కారు డిక్కీలో తెచ్చి ఇచ్చేవారు. వాటిని దులిపి, లినక్స్ ఎక్కించి, నడిచేలా చూడడం నా పని. లినక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటరును నడిపించే మూల ప్రోగ్రాము. దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, ఎంతమందికైనా పంచవచ్చు. పాత మిషన్ల మీద కూడా నడుస్తుంది, వైరస్‌ల బెడద దాదాపు ఉండదు. అడిగితే సీడీలు విదేశం నుంచి పోస్టులో ఊరికే వచ్చేవి. నా పేరు మీదే తెప్పించేవారు, పగలంతా అక్కడ ఉండేది నేను కాబట్టి.

నేను అక్షరాలు నేర్చుకున్నది ముప్పై నాలుగో ఏట, ఆ ముందు గదిలోనే, పిల్లల బెంచీల మీద. తెలుగు వచ్చాక ఇంగ్లీషు మొదలుపెట్టాను. అది ఇంకా తడబడుతూ ఉండగానే వెనక గదిలోకి వచ్చాను, మొదట ఊడవడానికి. ఇన్‌స్టాల్ చేయడం శ్రీనివాస్ చూపించాడు. అతనికి గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శనివారాలు వచ్చేవాడు. అతను చేస్తుంటే నేను నోటుబుక్కులో ప్రతి తెర బొమ్మా గీసుకుని, ఎక్కడ నొక్కాలో అక్కడ ఎర్ర చుక్క పెట్టుకున్నాను. మొదటి తెరలో కింద కుడివైపు. నాలుగో తెరలో రెండో వరుస. ఆ చుక్కలతోనే, సంఘానివీ కాలనీ వాళ్లు తెచ్చినవీ కలిపి, నలభై దాకా మిషన్లు నడిపించాను. నేను చదివి చేస్తున్నానని అందరూ అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ మే నెలలో ఒక ఉదయం సరోజ ఆటోలో వచ్చింది. ఒళ్లో సీపీయూ, దాని మీద చున్నీ కప్పి ఉంది. కరీంనగర్ వైపు పిల్ల, పెళ్లయి ఏడాదిన్నర. భర్త సైన్యంలో ఉన్నాడు. మార్చిలో అతన్ని మంచు కొండల మీది పోస్టుకు పంపారు. అక్కడి నుంచి ఫోను ఎప్పుడో గాని రాదు.

"అక్కా, ఇది దానంతటదే ఆఫైతది, దానంతటదే ఆనైతది," అంది.

"వైరస్ అమ్మా. ఎవరి పెన్ డ్రైవయినా పెట్టావా?"

"పక్క క్వార్టర్ దీదీ పాటలెక్కిచ్చింది."

"పాటలతో పాటు దీన్నీ ఎక్కించింది."

సరోజ నవ్వలేదు. "అక్కా, ఇందుల ఒక ఫోల్డర్ ఉన్నది. గదొక్కటి పోవద్దు. మిగిలింది ఏమన్న గానీ."

ఆ ఫోల్డరులో ఏముందో చెప్పడానికి కాస్త సిగ్గుపడింది. వెళ్లేముందు భర్త మైకు పెట్టుకుని ఇరవై నాలుగు రికార్డింగులు చేశాడట. ఒక్కోటి ఒక నిమిషం. వాటికి ఒకటి నుంచి ఇరవై నాలుగు వరకు నంబర్లే పేర్లు.

"ఆదివారానికొక్కటే ఇనుమన్నడు. అన్ని ఒడిసేవరకు లీవుల వస్తనన్నడు."

"ఎన్ని విన్నావు?"

"తొమ్మిది."

"మిగతావి వినాలనిపించలేదా?"

"అన్ని ఒక్కసారే ఇంటే, ఎనక ఆదివారాలు ఏం చెయ్యాలె అక్కా?"

విండోస్‌ను ఉన్నచోటే ఉంచి పక్కన లినక్స్ ఎక్కిద్దామని చెప్పాను. హార్డ్ డిస్కును ఇల్లనుకుంటే, అందులో గోడ కట్టి రెండు గదులు చేయడమే పార్టిషన్. ఒక గదిలో పాతది, ఇంకో గదిలో కొత్తది. ఆ తర్వాత లినక్స్ వైపు నుంచి తలుపు తీసి, వైరస్ లేకుండా ఆ ఫోల్డరు వినవచ్చు. అసలు ముందుగా ఫోల్డరును కాపీ చేసి పెట్టాలి. సంఘం పెన్ డ్రైవు ఆ వారం శ్రీనివాస్ దగ్గర ఉంది. పక్క గదిలో సామాను మనమేమీ ముట్టుకోం కదా అనుకుని మొదలుపెట్టాను.

సీడీ కొత్తది. అంతకుముందు వారమే వచ్చిన వెర్షను. నాలుగో తెర రాగానే నా చెయ్యి రెండో వరుస మీదికి వెళ్లింది. పాత సీడీలో ఆ వరుసకు అర్థం, ఉన్నదాన్ని ఉంచి మిగిలిన చోటు వాడుకొమ్మని. ఈ సీడీలో వరుసలు మారాయి. అక్కడ ఉన్నది డిస్కు మొత్తం తుడిచేయమని. అక్షరాలు కళ్లెదుటే ఉన్నాయి, కూడబలుక్కుంటే చదవగలను. చదవలేదు. తర్వాతి తెరలో మిషను ఒకటికి రెండుసార్లు అడిగింది. దానికీ నా నోటుబుక్కులో చుక్క ఉంది, నొక్కాను.

గదికో రంగు చొప్పున ఎప్పుడూ రెండు రంగుల పట్టీ కనబడే చోట ఒకే రంగు ఉంది. చూడగానే వైరు పీకేశాను.

సరోజ ముందు గదిలో పిల్లల పలకల మీద గుణింతాలు దిద్దుతోంది. వెళ్లి చెప్పాను. "సరోజా, నేను తప్పు నొక్కాను. డిస్కు తుడిచిపెట్టుకుపోవడం మొదలైంది. మధ్యలో ఆపాను. ఎంత పోయిందో తెలియదు. మిషను తప్పు కాదు, నాదే."

ఆ పిల్ల చేతిలో పలక పక్కన పెట్టింది. "మంచినీళ్లున్నయా అక్కా?" అని అడిగింది. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

శ్రీనివాస్‌కు ఫోను చేశాను.

"ఆంటీ, ఆపేశారు కదా? ఇంక ఆన్ చేయకండి. కొత్తగా ఏదీ రాయకపోతే లోపల పాతది చాలా వరకు ఉంటుంది."

"నేను చదవలేదు బాబూ."

"అచ్ఛా, అది తర్వాత. శనివారం వస్తాను."

శనివారం అతను ఇంకో డిస్కు తెచ్చాడు. లైవ్ సీడీ అని ఒకటుంది, డిస్కును ముట్టుకోకుండా సీడీ మీదనుంచే కంప్యూటరును నడుపుతుంది. దాంతో పోయిన ఫైళ్లను వెతికే ప్రోగ్రామును పెట్టాం. ఉదయం నుంచి సాయంత్రం దాకా వెతికి, పాటలు పోగా ఇరవై మూడు చిన్న రికార్డింగులు బయటికి తీసింది. కానీ ఇలా దొరికిన ఫైళ్లకు పాత పేర్లు రావు. ఏది ఎన్నో ఆదివారందో తెలియకుండా అన్నీ కలిసిపోయాయి.

"ప్రతి దాంట్ల ముందుగల్ల ఎన్నో ఆదివారమో చెప్తడు," అంది సరోజ.

"అయితే మొదలు మాత్రం విని పేర్లు పెట్టుకో."

"మొదలుపెడితే నేను ఆగను అక్కా. నువ్వే ఇను. రెండు మాటలిని బంద్ చెయ్యి."

ఆ పని సోమవారానికి వాయిదా వేశాను. దానికి కారణం వేరే ఉంది. పెళ్లయిన కొత్తలో నేను విజయనగరం దగ్గర అత్తవారింట్లో, మా ఆయన సైన్యంలో, జమ్ములో. నెలకో ఇన్‌ల్యాండ్ లెటరు వచ్చేది. నాకు చదువు రాదు కాబట్టి మా మామగారు కళ్లజోడు పెట్టుకుని అందరి ముందూ పైకి చదివేవారు. తండ్రి చదువుతాడని తెలిసిన మనిషి పెళ్లానికి ఏం రాస్తాడు? ఆవు ఈనిందా, అమ్మకు మోకాళ్లు ఎలా ఉన్నాయి, అందరినీ అడిగినట్టు చెప్పండి. ఆ అందరిలో నేనున్నాను. చదివాక ఉత్తరాన్ని మామగారు చూరులో దోపేవారు. నేను అక్షరాలు నేర్చుకునేసరికి మా ఆయన రిటైరయి ఢిల్లీలో నాతోనే ఉన్నారు, ఉత్తరాలతో పని లేకుండా పోయింది.

సోమవారం శ్రీనివాస్ లేడు, పిల్లలు లేరు. సరోజ పక్కన కూర్చుంది, నేను హెడ్‌ఫోను పెట్టుకున్నాను. "ఇయ్యాల పదకొండో ఆదివారం..." అనగానే ఆపి, తెలుగులో పేరు కొట్టాను. "ఇయ్యాల ఆరో ఆదివారం..." ఆపాను. గొంతు కుర్రది. అంతకుమించి వినకుండా చూసుకున్నాను. ఇరవై రెండింటికి పేర్లు పెట్టాను. మూడోది, పద్దెనిమిదోది లేవు.

మిగిలిన ఒక ఫైలు నంబరుతో మొదలు కాలేదు. "సరోజా, ఇది లెక్కల లేదు. నువ్వొక్కదానివే..." అక్కడ ఆపేశాను.

వేరే ఎక్కడో దాచి ఉంటాడు. వెతికే ప్రోగ్రాముకు ఏ ఫోల్డరు ఎవరిదో తెలియదు కదా, దాన్నీ లాక్కొచ్చింది. హెడ్‌ఫోను తీసి సరోజ ముందు పెట్టాను.

"మూడు, పద్దెనిమిది పోయాయి. ఇదొకటి ఎక్కువ వచ్చింది. దీనికి నేను పేరు పెట్టలేదు."

"ఏమన్నడు?"

"నాకు తెలియదు. నీ పేరు పిలిచాడు, ఆపేశాను."

సరోజ హెడ్‌ఫోను చేతిలోకి తీసుకుంది. వైరు వేలికి చుట్టుకుంది. తర్వాత దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

"మూడోది నాకు నోటికస్తదక్కా. పద్దెనిమిదో ఆదివారం ఖాళీగున్నది గదా. గప్పుడిది ఇంట."

అన్నీ రెండు చోట్ల కాపీ చేసి, లినక్స్ కొత్తగా ఎక్కించి ఇచ్చాను. ఈసారి ప్రతి వరుస కింద వేలు పెట్టి, పైకి చదువుతూ చేశాను. నోటుబుక్కులో చుక్కలన్నీ కొట్టేసి వాటి పక్కన మాటలు రాసుకున్నాను. నా తర్వాత ఆ గదిలో పని నేర్చుకున్నవాళ్లకు మొదటి రోజు చెప్పింది రెండే: ముందు కాపీ తీసి తర్వాతే సీడీ పెట్టాలి; చెయ్యి ఎంత అలవాటు పడినా కన్ను చదవాలి. మూడోది ఒకటి ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. మనం బాగుచేసే మిషన్లలో మనవి కాని మాటలుంటాయి. వినగలిగినా ఆపేయాలి.

ఆ సాయంత్రం మా ఆయనను అడిగాను, "నాకో ఉత్తరం రాయండి" అని.

"ఎదరే ఉన్నావు కదే, ఉత్తరమేటి?"

"ఎదర అనలేనిదేటైనా ఉంటే."

"ఏటుంటాదే ఈ వయసులో," అని నవ్వి టీ తాగారు. రాయలేదు.

తర్వాత కూడా ఆరు నెలలకోసారి కొత్త సీడీలు వచ్చేవి. కవరు మీద నా పేరు టైపు చేసి ఉండేది. లోపల ఏముందో తెలిసినా వెంటనే చింపేదాన్ని కాదు. పేరు ఒకసారి చదువుకుని, అప్పుడు చింపేదాన్ని.