నాకు నేనే రాసిచ్చుకున్న సర్టిఫికెట్లు

పదహారేళ్ల కిందట మా బావమరిది మల్లారెడ్డి జమ్మికుంటలోని తన పత్తి జిన్నింగు మిల్లులో హమాలీ కంట్రాక్టరుగా ఉన్న నన్ను మేనేజరును చేశాడు. "ఫికర్ చెయ్యకు బావా, వచ్చే నెల నీ పేరు స్టాఫు రిజిస్టర్ల ఎక్కిస్త" అన్నాడు. ఎక్కించలేదు.

ఈ రోజు పింఛను కోసం కరీంనగర్ పీఎఫ్ ఆఫీసుకు వెళ్తే గుమాస్తా నా పాత కాగితాలన్నీ ముందేశాడు. నాకిచ్చే డబ్బులో కంట్రాక్టరు పన్ను కోసినట్టు మిల్లు ఏటా ఇచ్చిన సర్టిఫికెట్లు అవి.

"కింద మిల్లు తరఫున సంతకం ఎవలది సారూ?"

"నాదే. మేనేజర్ను గద."

"గట్లయితే మీరు నౌకరి చెయ్యలే, కంట్రాక్టరని మీకు మీరే రాసిచ్చుకున్నరు. ఇగ పింఛను యాడికెల్లి వస్తది?"

పక్క బల్ల దగ్గరివాడు చాయ్ గ్లాసు దించి మరీ నవ్వాడు.

ఇంటినిండా పుస్తకాలున్నవాణ్ణి. కంట్రాక్టర్లందరి కాగితాల కట్టలో నా పేరున్నదీ కలిసి ఉంటే, ఒక్క ఏడాదీ చదవకుండా సంతకం చేశాను. తప్పు నాదేనంటారా? అనండి, వింటాను. కానీ ఏటా ఆ కట్ట తెచ్చి, "జర జల్ది కానియ్యి బావా" అంటూ సంతకాలు అయ్యేదాకా నా ఎదురుగా కూర్చున్నవాడు మల్లారెడ్డి.