గోడ దాటింది నా బేస్ ఒక్కటే

లాక్‌డౌన్లు పూర్తిగా పోయిన మరుసటి ఏడు, వానాకాలంలో, నారాయణగూడలోని ఒక ఫంక్షన్ హాల్లో రిసెప్షన్ ప్రోగ్రాంకు మా ఆర్కెస్ట్రాను మాట్లాడుకున్నారు. కరోనా తర్వాత మాకు దొరికిన మొదటి పెద్ద ప్రోగ్రాం అది. పాటలు దాదాపు అన్నీ కొత్తవి, ప్రాక్టీసు లేకుండా స్టేజీ ఎక్కే వీలు లేదు. బేస్ గిటార్ వాయించడం మొదలుపెట్టి అప్పటికి నలభై ఏళ్లు కావస్తోంది. నా ఇష్టంతో నేను రిటైర్ కావాలనుకున్నాను గానీ, ఆ వానాకాలంలో నన్ను ముందే ఇంటికి పంపే పరిస్థితి వచ్చింది. దానికి కారణం ఒక గోడ.

ముందు బేస్ అంటే ఏమిటో చెప్పాలి. ఆర్కెస్ట్రాలో అన్నిటికంటే తక్కువ మందికి తెలిసిన వాయిద్యం అదే. లావుపాటి తీగలు నాలుగే ఉండే గిటార్, పాట అడుగున నడిచే మంద్ర స్వరాలు దానివి. పెళ్లిళ్లలో చుట్టాలు గాయకురాలితో ఫోటో దిగుతారు, కీబోర్డు వాయించే ఆయనకు చప్పట్లు కొడతారు, నా దగ్గరికి వచ్చి మాత్రం "అన్నా, నీది మోగుతలేదా ఏంది?" అని జాలిగా అడుగుతారు. మోగుతూనే ఉంటుంది. నేను ఆపితే పాట బోసిపోతుంది, కానీ ఏది తగ్గిందో వాళ్లకు తెలియదు. ఇన్నేళ్లలో ఆ జాలికి అలవాటు పడ్డాను.

ఈ స్వరాలు బయటికి రావాలంటే రెండు సామాన్లు కావాలి. ఒకటి యాంప్లిఫయర్, దాన్ని మేం హెడ్ అంటాం. రెండోది స్పీకర్ బిగించిన క్యాబినెట్, దాన్ని బాక్స్ అంటాం. నా బాక్సులో పదిహేను అంగుళాల స్పీకర్ ఉంది. మందపాటి ప్లైవుడ్‌తో దగ్గరుండి చేయించుకున్నాను. లేపాలంటే ఇద్దరు పట్టాలి. ఆటోలో అది వెనక కూర్చుంటే నేను డ్రైవర్ పక్కన ఒంటికాలి మీద వేలాడుతూ పోయేవాణ్ణి. మా ఆవిడకు ఆ బాక్స్ అంటే ఒళ్లుమంట, ఇంట్లో సోఫా పెట్టాల్సిన చోట అది ఉండేది.

ప్రాక్టీసు గది చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ వైపు తిరిగే ఒక గల్లీలో, మొదటి అంతస్తులో ఉండేది. ఇంటి యజమాని యాదగిరి గారు బస్సు డిపోలో సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. అదే అంతస్తులో మా పక్క భాగంలో ఇదివరకు కుట్టుపని నేర్పేవాళ్లు ఉండేవారు. మిషన్ల చప్పుడు వాళ్లది, పాటల చప్పుడు మాది, ఎవరికీ ఏ బాధా లేదు. కరోనాలో వాళ్లు ఖాళీ చేశారు. ఉద్యోగాల నోటిఫికేషన్లు వస్తాయన్న మాట పుట్టగానే యాదగిరి గారు అక్కడ చెక్క అడ్డాలతో బల్లలు వేయించి స్టడీ హాల్ తెరిచారు. నెల తిరిగేలోపు గ్రూప్స్‌కు చదివే పిల్లలతో అది నిండిపోయింది. మాకూ వాళ్లకూ మధ్య ఒకటే గోడ.

మేం ప్రాక్టీసు మొదలుపెట్టిన రెండో రోజే యాదగిరి గారు ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చారు. పేరు స్వరూప. నల్గొండ దిక్కు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ చదువుతోంది. ఇంట్లో వాళ్లు ఈ ఒక్కసారికే ఒప్పుకున్నారని, ఈసారి ఉద్యోగం రాకపోతే ఊరికి పోవడమేనని తర్వాత తెలిసింది. తగువుకు వచ్చిన మనిషిలా లేదు, కానీ వెనక్కి తగ్గే మనిషిలా కూడా లేదు.

"మీ పాట మాకు సక్కగ ఇనవడదు సార్. ఇనవడితే గూడ గంత పరేషాన్ లేదు. మాకు వచ్చేది ఒక్కటే, దుమ్ దుమ్ దుమ్. గా దుమ్ దుమ్ ఎవలిదో వాళ్లు బంద్ చేస్తే సాలు."

గదిలో అందరూ నావైపు తిరిగారు. గాయకురాలు గొంతు చించుకుని పాడుతోంది, డోలక్ ఆయన చేతులు నొప్పి పుట్టేలా కొడుతున్నాడు, ఆ గోడ దాటి వెళ్లింది మాత్రం ఎవరికీ మోగనట్టు కనిపించే నా బేస్ ఒక్కటే. దీనికి కారణం ఉంది. సన్నటి శబ్దాన్ని గోడ చాలావరకు ఆపేస్తుంది. మంద్ర శబ్దం గోడనే పట్టుకుని ఊపుతుంది, అవతలి గదికి ఆ గోడే స్పీకర్ అవుతుంది. ఈ సంగతి తెలిసి కూడా ఆ నిమిషంలో నాకు తల కొట్టేసినట్టయింది.

యాదగిరి గారు వచ్చే ఆదివారం మధ్యాహ్నం తానే స్టడీ హాల్లో కూర్చుంటానన్నారు. ఈ అమ్మాయికి ఆ దుమ్ దుమ్ వినిపించిందంటే గది ఖాళీ చేయాలి. ఆర్కెస్ట్రాకు కిరాయికి ఇచ్చే ఇల్లు చిక్కడపల్లిలో ఇంకొకటి వెతకడం ఎంత కష్టమో మాకు తెలుసు. మా ఆర్కెస్ట్రా నడిపేది సుదర్శన్, కీబోర్డు అతనిదే. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్న, నన్ను అన్నా అనే పిలుస్తాడు. వాళ్లు వెళ్లాక టీ తెప్పించి, చల్లగా చెప్పాడు.

"అన్నా, తప్పుగ అనుకోవద్దు. కంప్లైంట్ ఒక్క బేస్ మీదనే కదా. బేస్ ఎడమ చేత్తో కీబోర్డు మీద నేనే ఇచ్చుకుంట, వాల్యూమ్ తక్కువ పెట్టి. ప్రాక్టీసుకూ అదే, ప్రోగ్రాముకూ అదే. నువ్వు జర రెస్ట్ తీసుకో."

రెస్ట్ అన్న మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మా విద్యలో అందరికీ తెలిసిన సంగతి ఇది: కీబోర్డు ఎడమ చెయ్యి వచ్చాక ఊళ్లో ఎన్నో ఆర్కెస్ట్రాల్లో బేస్ వాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఒక్కసారి బేస్ మనిషి లేకుండా ప్రోగ్రాం జరిగిందంటే ఇక పిలవరు. కోపం వచ్చింది, దాచుకోలేదు కూడా. ఆదివారం దాకా నా సీటు ముట్టుకోవద్దని చెప్పి, టీ తాగకుండానే లేచాను.

సలహాలు మాత్రం బోలెడు వచ్చాయి. గుడ్ల అట్టలు గోడకు అతికిస్తే శబ్దం ఆగుతుందని ప్రతి వాద్యకారుడూ నమ్ముతాడు. నాకు అనుమానమే, కానీ ఆశ ఊరుకోదు. నల్లకుంట మార్కెట్లో గుడ్ల దుకాణం వాళ్లను అడిగి మూటలకు మూటలు తెచ్చి గోడంతా అతికించాం. మర్నాడు స్వరూప తలుపు దగ్గరికి వచ్చి, ఇంతకుముందు వెనక సన్నగా పాటైనా వచ్చేదని, ఇప్పుడు అదీ పోయి దుమ్ దుమ్ ఒక్కటే ఇంకా సాఫ్‌గా వస్తోందని చెప్పింది. అట్టలు సన్నటి శబ్దాన్ని తిన్నాయి, నా బేస్‌ను ముట్టనైనా ముట్టలేదు. డోలక్ ఆయన నవ్వు ఆపుకోవడానికి బయటికి పోయాడు.

అప్పుడు నాకు తట్టింది, అవతల ఏం వినిపిస్తోందో నేను ఇంతవరకు ఒక్కసారీ వినలేదని. మా గిటారిస్టుకు నా బేస్ ఇచ్చి, బటన్లేవీ ముట్టకుండా నేను వాయించే పాటే వాయించమని చెప్పి, స్టడీ హాల్లోకి పోయి స్వరూప పక్క ఖాళీ బల్ల ముందు కూర్చున్నాను. ముందు బల్ల మీది అబ్బాయి వెనక్కి తిరిగి నా తెల్ల జుట్టు చూసి, "అంకుల్, మీది గ్రూప్ వన్నా, గ్రూప్ టూనా?" అని గుసగుసగా అడిగాడు. ఈసారి వస్తే రెండూ తీసుకుంటానన్నాను.

గిటారిస్టు మొదలుపెట్టాడు. బల్ల మీద పెట్టిన నీళ్ల బాటిల్లో నీళ్లు వణుకుతున్నాయి. మా గదిలో నాకు ఎప్పుడూ చాలదనిపించే శబ్దం ఇక్కడ పుర్రెలో మోగుతోంది. స్వరూప పాఠం మీద వేలు పెట్టి చదువుతోంది, బల్ల కింద ఆమె కాలు నా తాళానికే ఊగుతోంది. అది నేను చూసినట్టు గమనించి కాలు ఆపేసింది.

"కావాలని కాదు సార్. రాజ్యాంగం సదువుతుంటే దానంతట అదే ఊగుతది. ప్రాథమిక హక్కులన్నీ మీ దుమ్ దుమ్ మీదనే యాదికుంటున్నయి. పరీక్ష హాల్లకొచ్చి వాయిస్తరా మీరు?"

ఆమె బల్ల గది మూలన ఉంది. మంద్ర శబ్దం మూలల్లో పోగవుతుంది. నాలుగడుగులు ఇవతలికి వచ్చి నిలబడితే సగానికి సగం తగ్గింది. టేబుల్ మధ్యకు జరుపుకోమ్మా అని మర్యాదగానే అన్నాను.

"మీ డబ్బా జరపండి సార్, నా టేబుల్ కాదు," అంది పుస్తకంలోంచి తలెత్తకుండా.

ఒళ్లు మండింది. మా గదిలోకి వచ్చి చూస్తే, ఆమె చెప్పిందే చేయాల్సిన పని. నా బాక్స్ కూడా మూలనే ఉంది, సరిగ్గా ఆ గోడకే వీపు ఆనించి. ఆర్కెస్ట్రాల్లో బాక్స్‌ను మూలన పెట్టడం ఆచారం, అడ్డం ఉండదని, గోడ తోడై శబ్దం పెరుగుతుందని. ఆ తోడే మా కొంప ముంచింది. పైగా నేల మీద పెట్టిన బాక్స్ నా మోకాళ్లకు వినిపిస్తుంది గానీ చెవులకు కాదు. దానికి దగ్గరగా నిలబడ్డ మనిషికి అందరికంటే తక్కువ వినిపిస్తుంది. వినిపించలేదని వాడు వాల్యూమ్ పెంచుతాడు.

మిగిలిన రోజులు దానికే పెట్టాను. ముందు గోడ మీది గుడ్ల అట్టలు పీకేశాను. నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర పంక్చర్ వేసే ఆయన దగ్గర పాత స్కూటర్ ట్యూబులు రెండు తెచ్చి, కొద్దిగా గాలి కొట్టి, వాటి మీద మందపాటి చెక్క, చెక్క మీద బాక్స్ పెట్టాను. బాక్స్ వణికితే వణుకు ట్యూబులోనే చచ్చిపోతుంది, నేలకు దిగదు. గోడకు దూరంగా గది మధ్యకు జరిపి, ముందువైపు కింద ఇటుక పెట్టి, స్పీకర్ ముఖం నా చెవికేసి చూసేలా వెనక్కి వాల్చాను. హెడ్ మీద అడుగు శబ్దం బటన్ తగ్గించి, మధ్య శబ్దం పెంచాను. ఇంత చేశాక తీగ మీటితే నా ప్రతి స్వరమూ విడివిడిగా వినిపించింది. వాల్యూమ్ దానంతట అదే సగానికి దిగింది. సుదర్శన్ గది మధ్యలోని ట్యూబులను చూసి, ఇది ప్రాక్టీసు గదా, మెకానిక్ షెడ్డా అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం యాదగిరి గారు వచ్చి స్టడీ హాల్లో కుర్చీ వేసుకున్నారు. దుమ్ దుమ్ వినిపిస్తే స్వరూప గోడ మీద తట్టాలని షరతు. ప్రోగ్రాంలో అన్నిటికంటే గట్టిగా మోగే మూడు పాటలు ఎంచుకున్నాం. మొదటి పాటంతా నాకు ఒక చెవి పాట మీద, ఒక చెవి గోడ మీద. తట్టలేదు. రెండో పాటలో డోలక్ ఆయన నావైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు. మూడో పాట ముగిసే వేళకు గాయకురాలు మైక్ పక్కన పెట్టి, ఇన్నేళ్లలో మొదటిసారి నా శ్రుతి తనకు స్పష్టంగా అందిందని, దాన్ని పట్టుకునే పాడానని చెప్పింది. మేం ఎదురుచూస్తూ కూర్చున్నాం.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. ముందు స్వరూప, వెనక యాదగిరి గారు. ఆమె ముఖంలో విసుగు కనబడుతోంది.

"పాటలైతే సన్నగ ఇనవడ్డయి సార్, గవ్వి మాకు అడ్డం కాదు. మీది ఎప్పుడు షురూ చేస్తరు? నేను పోయి సదువుకోవాలె."

మూడు పాటల్లోనూ బేస్ మోగిందని, అంతా అయిపోయిందని సుదర్శన్ చెప్పాడు. ఆమె నమ్మలేదు. యాదగిరి గారు అసలే నమ్మలేదు, మేం బేస్ వైరు పీకి నాటకం ఆడామని ఆయన అనుమానం. డిపోలో ఎంతమంది డ్రైవర్ల కథలు విన్నారో ఏమో. మా గదిలోనే నిలబడి, బాక్స్ మీద అరచెయ్యి పెట్టి, మళ్లీ వాయించమన్నారు. స్వరూప తన మూలకు వెళ్లి కూర్చుంది. పాటంతా అయ్యేదాకా ఆయన చెయ్యి తీయలేదు, గోడ మీద చప్పుడూ రాలేదు. చెయ్యి దులుపుకుంటూ, కిరాయి ఎప్పటిలాగే ఒకటో తారీఖున ఇవ్వాలని మాత్రం చెప్పి మెట్లు దిగారు.

నారాయణగూడ ప్రోగ్రాంలో నా సీట్లో నేనే వాయించాను. ట్యూబులూ, చెక్కా, ఇటుకా స్టేజీ మీదికి నాతోనే వచ్చాయి. ఆ తర్వాత రెండేళ్లకు నా ఇష్టప్రకారం, నేను చెప్పిన రోజున రిటైరయ్యాను. స్వరూప ఆ నోటిఫికేషన్ పరీక్ష రాసేదాకా అదే మూలన అదే బల్ల మీద చదివింది. జరపలేదు.

బేస్ వాయించే పిల్లలు ఇప్పుడు నన్ను ఎన్ని వాట్ల హెడ్ కొనాలి, ఎంత పెద్ద బాక్స్ కొనాలి అని అడుగుతారు. అది తర్వాత చెబుతాను. ముందు బేస్‌ను ఇంకొకరి చేతికిచ్చి, గోడ అవతలికి పోయి విని రమ్మంటాను. వాయించేవాడి చెవికి అందేది వాడి శబ్దంలో సగమే. మిగతా సగం వినాలంటే స్వరూప కుర్చీలో కూర్చోవాలి. నలభై ఏళ్లలో నాకు చాలామంది సన్మానం చేశారు, శాలువాలు బీరువాలో ఉన్నాయి. మూడు పాటలు వాయించి ముగించాక "మీది ఎప్పుడు షురూ చేస్తరు?" అని అడిగింది మాత్రం ఆ అమ్మాయి ఒక్కతే.