చుక్కల నడక

నేను ఎమ్మెస్సీలో చదివింది నక్షత్రాల శాస్త్రం. ఎనభైల మొదట్లో పెళ్లై అద్దంకి వచ్చాక, ఆ ముక్క ఎవరికి చెప్పినా జాతకాలే అనుకున్నారు. మామగారు పురోహితులు కావడంతో ఆ నమ్మకం మరీ గట్టిపడింది.

"ఏమ్మా, నీకు చుక్కలు తెలుసంటగా! మా పిల్లకి సంబంధం ఎప్పుడు కుదురుద్దో చెప్పు" అంటూ మిరప కోతల నుంచి వచ్చే ఆడవాళ్లు గుమ్మం ముందు ఆగేవారు. నాకు ఒళ్లు మండేది. తెలీదండీ అంటే, చదువుకున్న పొగరని గొణుక్కుంటూ పోయేవారు.

మా ఆయన తెల్లారకముందే ఒంగోలు బస్సెక్కి, దీపాలు పెట్టాక వచ్చేవారు. రాగానే అన్నం, నిద్ర. అత్తగారు నేను రాకముందే పోయారు. మామగారితో నా మాటలు కాఫీ, వేన్నీళ్లు దాటేవి కావు. పప్పులో ఉప్పు ఎక్కువైతే అడిగేవారే గానీ, నువ్వేం చదివావని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. ఒక్కరు, ఒక్కసారి అడిగితే చాలనుకునేదాన్ని. లేకపోతే చదివిందంతా నాలోనే ఇగిరిపోతుందని భయంగా ఉండేది.

ఒక సాయంత్రం అరుగు మీద మామగారు పంచాంగం మూసి, ఉన్నట్టుండి అడిగారు.

"అమ్మాయ్, చుక్కల గురించి అంతకాలం ఏం చదివావు?"

చుక్కలు ఎలా కదులుతాయో చదివానన్నాను.

"అశ్విని, భరణి కదలవుగా? కదిలేవి గ్రహాలు."

"అవీ కదులుతాయి మామయ్యగారూ. చూడ్డానికి మన ఆయుష్షు చాలదు."

ఇక ఆగలేదు. ఏళ్ల తేడాతో తీసిన ఫొటోలు పక్కపక్కన పెట్టి, వెలుగు రంగుల్లో మార్పు చూసి ఆ నడకను కనిపెడతారని చెప్పాను. మన పాలపుంత పెద్ద పళ్లెంలా ఉంటుందని, సూర్యుడితో సహా చాలా చుక్కలు అందులో ఒకే దిక్కుగా తిరుగుతాయని చెప్పాను. కొన్ని మాత్రం పైకీ కిందికీ అడ్డంగా పోతాయి. అవి చాలా ముసలివి. వాటిలో కొన్ని వేరే చిన్న గెలాక్సీలో పుట్టి, దాన్ని మనది మింగేశాక ఇక్కడ చేరి ఉండొచ్చు. ఎక్కడివో నడకే చెబుతుంది. లోపల పాలు పొంగిపోయిన వాసన వచ్చినా నేను లేవలేదు.

ఆయన మొహం తిప్పుకుని ఆకాశం వైపు చూశారు. కోపం వచ్చిందేమో అనుకున్నాను.

"అలా బయటినుంచి వచ్చినవి, ఎన్నాళ్లకి ఇక్కడివాటిలో కలిసిపోతాయి?"

"చూపుకి కలిసిపోయే ఉంటాయండీ. నడక మాత్రం అంత తొందరగా మారదు."

మామగారు కండువాతో మొహం తుడుచుకున్నారు.

"మీ అత్తయ్యది గోదావరి అవతల. కాపురమంతా ఇక్కడే చేసింది. పొద్దుగూకితే ఈ అరుగు మీద కూర్చుని అటే చూసేది. ఏం చూస్తున్నావని ఒక్కనాడూ అడగలేదమ్మా."

నాకు ఏడుపొచ్చింది. ఆ ఇంట్లో ఇన్నాళ్లకి ఒకరు నన్ను అడిగారని సంబరపడ్డాను గానీ, ఆయన అడిగింది నన్ను కాదు, ఆవిడని.