మీటరు లేని బాయిలరు

మా బావ ఆవిరి మనిషి. బట్టలకు రంగులద్దే మిల్లులో ముప్పై ఏడేళ్ళు బాయిలరు నడిపాడు. ఆ బాయిలరు ఎంత పెద్దదంటే, దాని కడుపులో పెళ్ళి చేసి రెండొందల మందికి భోజనాలు వడ్డించొచ్చు. కనీసం నేను అలాగే చెప్తుంటాను. దాని హోరుకి బావ చెవులు రెండూ పోయాయి. కుడి చెవిలో కాస్త మిగిలింది గానీ, అది తనకి నచ్చిన మాటలే వింటుంది.

అంత మంటని అదుపులో పెట్టినవాడికి ఇంట్లో అగ్గిపుల్ల గీయడం రాదు. వంటంతా మా చెల్లెలిది. ఆదివారం పొద్దున్నే తను కుక్కర్లో ఎముకల సూపు పెట్టేది. బావ ముందుగదిలో కుర్చీ వేసుకుని, వంటింటి గుమ్మంలోంచి కనిపించే ఆవిడ వీపు చూస్తూ కూర్చునేవాడు. వారమంతా బాయిలరు మీటరు చూసిన కళ్ళకి అదే సెలవు.

చెల్లెలు పోయిన నాలుగో నెలలో ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి, బావ ఆ కుక్కర్ని విప్పి పాత పేపరు మీద పరిచాడు. మూత ఒకచోట, రబ్బరు ఒకచోట, వెయిటు ఒకచోట, పిడి స్క్రూలు వరసగా.

"ఏంటి బావా, పోస్టుమార్టమా?"

"దీనికి మీటరేదయ్యా? లోపల ఎంత ఒత్తిడి ఉందో ఎలా తెలుస్తుంది?"

"మీటరుండదు. కూతలు లెక్కపెట్టుకోవడమే."

"కోతలు నీ దగ్గర చాలా విన్నాను. నేనడిగేది మీటరు."

కూతలని నేను గొంతు చించుకుని అరిచినా, ఆయన చెవికి అవి నా కోతలుగానే చేరాయి. చివరికి వేలితో వెయిటు ఎగరేసి చూపించాను. అప్పుడు అర్థమై తలూపాడు. ఆ తర్వాత రబ్బరు తుడుస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"ఆవిడ మొహం ఫోటోలో ఉంది. గొంతు నాకు ఎప్పుడూ సగమే తెలుసు. ఆ సూపు రుచి ఒక్కటే పూర్తిగా నాది. ఇప్పుడది నాలుక మీంచి జారిపోతోందయ్యా. మొన్న గుర్తు తెచ్చుకుందామని కూర్చుంటే, వేడి గుర్తొచ్చింది. రుచి రాలేదు."

అలమారలోంచి ఒక చిన్న సీసా తెచ్చి చూపించాడు. మా చెల్లెలు దంచిన మిరియాల పొడి. అందులో ఇంకేం కలిపేదో ఎవరికీ చెప్పలేదు, అన్ననైన నాకు కూడా. అడుగున నాలుగు చెంచాలుంది. సూపుకి ఒక చెంచా.

"నాలుగుసార్లు ప్రయత్నించొచ్చు," అన్నాడు. "అంతే."

కాన్వెంటులో సిస్టర్లు నాకు పది ఆజ్ఞలు నేర్పారు. బాయిలరు వాళ్ళకి ఉన్నది ఒక్కటే ఆజ్ఞ: నీళ్ళు తగ్గనివ్వకు. బావ దాన్ని తు.చ. తప్పకుండా పాటించి, మాంసం, ఎముకలు, ఉల్లిపాయ, అల్లం, ఉప్పు, పొడి అన్నీ వేసి కుక్కరు నిండా అంచుదాకా నీళ్ళు పోశాడు. మంట పెట్టిన కాసేపటికి సూపంతా వెయిటు కిందనించి చిమ్మి పైకప్పుని అభిషేకించింది. వీధిలో పిల్లులు నెల రోజులపాటు ఆ ఇంటి కప్పుకేసి చూసి నిట్టూర్చాయి. కుక్కర్లో ఎముకలు మిగిలాయి, నాకు నవ్వు మిగిలింది. బావ నవ్వలేదు. సీసాలో మూడు చెంచాలే మిగిలాయి.

రెండోసారి నీళ్ళు సగానికే పోశాడు. స్టవ్వు ముందు స్టూలు వేసుకుని, వెయిటు ఎగిరినప్పుడల్లా గోడమీద బొగ్గుతో గీత గీశాడు. ఆరో గీత దగ్గర నేను ఇక చాలన్నాను.

"పది," అన్నాడు. "నా కళ్ళతో చూశాను. ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఒక్కొక్క వేలే మడిచేది. పది వేళ్ళూ మడిచాకే నాకు గిన్నెలో పోసేది. ముప్పై ఏళ్ళు చూశాను, నాకు చెప్తావా?"

పది కూతలకి మాంసం దూదైపోయింది. ఎముక పట్టుకుంటే సుద్దముక్కలా విరిగింది. సూపు మాత్రం గోడలకి పోస్టర్లు అంటించుకోవడానికి పనికొచ్చేలా ఉంది. మూడోసారి మంట తగ్గించి మళ్ళీ పది. మళ్ళీ అదే జిగురు.

ఒక్క చెంచా మిగిలింది. బావ సీసాకి మూత బిగించి పై అరలో పెట్టేశాడు.

"బజారు మిరియాలతో అలవాటు చేసుకో బావా, ఆ చెంచా చివరికి వాడుకోవచ్చు," అన్నాను.

"ఆవిడ పొడి లేకుండా చేస్తే, కుదిరిందో లేదో నా నాలుక ఎలా చెప్తుంది?"

ఆరు వారాలు ఆయన స్టవ్వు వెలిగించలేదు. ఆదివారం వస్తే సీసా దించేవాడు, మూత తీసి వాసన చూసి మళ్ళీ పెట్టేవాడు. ఊపిరితో పొడి ఎగిరిపోతుందేమోనని ముక్కు దూరంగా ఉంచేవాడు.

ఏడో ఆదివారం పొద్దున గోడవతలి ఇంటి నర్సమ్మ వచ్చింది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చే మనిషి, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చేతిలో అడుగు నల్లగా మాడిన కుక్కరు.

"అన్నయ్యగారూ, మీరు బాయిలరు మనిషి కదా. ఈ మాడు ఎలా పోతుందో చెప్పండి."

బావ కుక్కరు తిప్పి చూశాడు. "మనుషులుండగా ఇంత మాడడమేంటమ్మా?"

"నేనున్నా లేనట్టే. డ్యూటీ నుంచి వచ్చి కుక్కరు పెట్టి అలాగే నిద్రపోతాను. వదిన ఉన్నప్పుడు భయముండేది కాదు. ఆవిడ పోయాక ఇది మూడోసారి మాడడం."

"వదిన ఏం చేసేది?" నేనడిగాను.

"లెక్క చూసేదండీ. ఇద్దరం ఒకేసారి కుక్కరు పెట్టేవాళ్ళం, మధ్యలో గోడే కదా. ఎడమచేతి వేళ్ళు తన కూతలకి, కుడిచేతి వేళ్ళు నావాటికి. నావి ఐదు కాగానే గరిటెతో గోడమీద దబదబా కొట్టి లేపేది."

నేను బావ కుడి చెవిలో నోరు పెట్టి మొత్తం అరిచి చెప్పాను. ఆయన తన రెండు చేతులూ ముందుకి చాచి, ఎడమచేతి ఐదు వేళ్ళూ ఒక్కొక్కటే మడిచి చూసుకున్నాడు.

"నేను బొద్దింకల్ని కొడుతోందనుకున్నానే!" అన్నాడు. "ముప్పై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఇన్ని బొద్దింకలేంటా అనుకున్నాను!"

నర్సమ్మ నవ్వుతూ నవ్వుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఆవిడ భుజాలు కదిలింది నవ్వుకి కాదు.

బావ అప్పుడే లేచి మాంసం కొట్టుకి వెళ్ళాడు. మూలుగున్న ఎముకలు ఏరి ఏరి తెచ్చాడు. నీళ్ళు సగానికి పోశాడు. సీసా దించాడు. చివరి చెంచా పొడి కుక్కరు మీద పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడంటే, నాకు చెయ్యి నొప్పి పుట్టింది. చివరికి వంచేశాడు. ఆ సీసాలో వేడినీళ్ళు పోసి కడిగి, ఆ నీళ్ళు కూడా పోశాడు.

ఐదోసారి వెయిటు ఎగరగానే స్టవ్వు కట్టేశాడు. ఆవిరి దానంతటది దిగేదాకా ఆగాడు. మూత తీశాడు.

వాసన వంటింట్లోంచి ముందుగదికి వచ్చింది. నర్సమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఈ వాసనకే నాకు నిద్రలో ఆకలేసేదండీ," అంది.

మూడు గిన్నెల్లో పోశాడు. నాకిచ్చింది నేను ఆబగా రెండు గుక్కల్లో తాగేశాను. అది మా చెల్లెలి సూపే. అబద్ధాలాడే నోటితో చెప్తున్నాను, అదే. గిన్నె ఖాళీ అయ్యాక తెలిసింది ఎంత తప్పు చేశానో. అన్ననై ఉండి, చెల్లెల్ని మళ్ళీ ఒకసారి రెండు గుక్కల్లో పోగొట్టుకున్నాను.

బావ అలా చెయ్యలేదు. చెంచాతో కొంచెం కొంచెం తాగాడు. ఎముకని తట్టి మూలుగ తీసుకున్నాడు. చివరి గుక్క గిన్నె ఎత్తి నోట్లో పోసుకున్నాడు.

"కుదిరిందా బావా?" అడిగాను.

వినపడలేదేమోనని మళ్ళీ చెవి దగ్గర అరిచాను. చెయ్యెత్తి వద్దన్నాడు. అప్పుడు చూశాను, బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి.

"మింగండి అన్నయ్యగారూ, చల్లారిపోతుంది," అంది నర్సమ్మ.

తల అడ్డంగా ఊపాడు. గంటసేపు అలాగే ఉన్నాడంటే మీరెలాగూ నమ్మరు. సరే, పావుగంట అనుకోండి. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారి గడ్డం మీంచి చొక్కా మీద పడుతున్నాయి. నేను ఆయన గొంతు వైపే చూస్తూ కూర్చున్నాను. అది మాత్రం కదల్లేదు.