ఖాలా కొంగున ఉప్పు

ఖాలా పోయిందన్న కబురు నాకు క్లినిక్‌లో పని మధ్యలో తెలిసింది. రాయచోటి నుంచి ఆమె చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. "అక్కా, మా పెద్దమ్మ లేదక్కా. తెల్లారి నమాజుకని లేసింది. కాళ్ళు చేతులు కడుక్కుంటా ఆడనే కూలబడింది" అంది. ఆమె సెలవు మీద ఇంటికి వెళ్ళి ఇంకా నెల తిరగలేదు. ఆ అమ్మాయి ఏడుపు దిగమింగుకుని అసలు సంగతి చెప్పింది. "దుబాయ్‌లో పెద్దమ్మ పనిచేసే ఇంటి మేడమ్‌కు నువ్వే చెప్పల్లక్కా. మాకు వాళ్ళ మాటలు రావు."

మేముండేది షార్జాలో. రాయచోటి వాళ్ళకు ఇదంతా దుబాయే.

ఖాలా అంటే పిన్ని. ఆమె నాకు పిన్ని కాదు, చుట్టం అసలే కాదు. ఇక్కడొక అరబ్బుల ఇంట్లో ఆడపిల్లను పెంచడం ఆమె పని. నేను ఆ దగ్గర్లోనే క్లినిక్‌లో నర్సును, సొంత ఊరు ప్రొద్దుటూరు. మా ఇద్దరినీ కలిపింది సరస్సు ఒడ్డున ఉన్న పార్కు. ఊళ్ళోని పాత పార్కుల్లో అదొకటి. చుట్టూ అద్దాల మేడలు ఎన్ని లేచినా, లోపల ఖర్జూరపు చెట్లు, పూలమళ్ళు, పడవల రేవు ఎప్పటివో అలాగే ఉన్నాయి. నీటికి ఎదురుగా ఒక వేపచెట్టు, దాని కింద బెంచీ. ఇన్నేళ్ళలో ఆమెను నేను ఆ బెంచీ దగ్గర తప్ప ఇంకెక్కడా చూడలేదు.

కరోనా తర్వాత పార్కు గేట్లు మళ్ళీ తెరిచిన కొత్తలో మొదటిసారి కలిశాం. అందరం మాస్కుల్లో, ఒకరంటే ఒకరం భయపడుతూ నడుస్తున్న రోజులు. వేపచెట్టు కింద ఒక అరబ్బు పాప, కుచ్చుల గౌను వేసుకుని, తన బిస్కెట్టు ఎత్తుకుపోతున్న గోరింకను నడుం మీద చెయ్యి పెట్టి కేకలేస్తోంది. "యాడికి పోతాండావ్? రా ఈడికి!" నేను నడక మర్చిపోయి నిలబడ్డాను. ఎన్నో నెలలుగా ఊరి మాట చెవిన పడలేదేమో, అది ఆ నోట్లోంచి వినేసరికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నల్ల బురఖాలో ఉన్న ఒక పెద్దావిడ మాస్కు కిందికి లాగి నన్ను ఎగాదిగా చూసింది. "ఏందిమ్మే అట్ల సూస్తాండావు? బిడ్డకు దిష్టి తగల్దా?" అంది. మా పరిచయం అలా తిట్టుతోనే మొదలైంది.

ఖాలాకు పిల్లల్లేరు. భర్త ఎప్పుడో పోయాడు. ఆ పాప పుట్టిన వారానికే ఆమె చేతుల్లోకి వచ్చింది. ఇంట్లో అరబ్బీ, స్కూల్లో ఇంగ్లీషు, ఖాలా దగ్గర కడప జిల్లా. "నీకు ఈ బిడ్డతో ఇంత పిచ్చేంది ఖాలా, రేపు పెద్దదైతే నిన్ను గుర్తు పెట్టుకుంటాదా?" అని ఒకసారి ఏడిపించాను. ఆమె పాప జడ విప్పి మళ్ళీ అల్లుతూ, "పెట్టుకోకుంటే మానె. నాకు గుర్తుంటాది గదా" అంది.

ఇంటికి వెళ్ళే ముందు ఆమె ఒక పని చేసేది. అటూ ఇటూ చూసి, బురఖా కింద కొంగు ముడి విప్పి పిడికెడు ఉప్పు తీసేది. పాపను బెంచీ మీద కూర్చోబెట్టి చుట్టూ తిప్పుతూ, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, పడవోళ్ళ దిష్టి, పోటోలు దీసేటోళ్ళ దిష్టి, అన్నీ నీళ్ళపాలు" అని మెల్లగా అనేది. తర్వాత ముగ్గురం రెయిలింగు దాకా వెళ్ళేవాళ్ళం. ఉప్పు సరస్సులో పడేది. అక్కడినుంచి గేటు దాకా వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే తీసిన దిష్టంతా మళ్ళీ అంటుకుంటుందట.

అది ఇంట్లో చేసుకోవచ్చు కదా అని అడిగితే నా మీద కళ్ళెర్ర చేసింది. ఆ ఇంటివాళ్ళు మంచివాళ్ళే. కానీ పనిమనిషి పిల్ల చుట్టూ ఉప్పు తిప్పుతూ ఏదో గొణుగుతుంటే చూసినవాళ్ళు చేతబడి అనుకుంటారు. అలాంటి మాట ఒక్కసారి పుడితే పని పోవడంతో ఆగదు, ఇక్కడ జైలు దాకా పోతుంది. అందుకే ఆమెకు ఈ పార్కు కావాలి, ఈ నీళ్ళు కావాలి. పాపకు కూడా గట్టిగా చెప్పి పెట్టింది, ఇది ఇంట్లో చెప్పేది కాదని. పాప ఏనాడూ చెప్పలేదు.

నాకు దిష్టి మీద నమ్మకం లేదు. బీపీ మీద ఉంది. ఆమె మొహం ఉబ్బినట్టు కనిపించినప్పుడల్లా బ్యాగులోంచి మిషను తీసేదాన్ని. "మాత్రలు ఏసుకుంటాండావా?" అంటే "ఈడ గూడా నర్సమ్మవేనా?" అని చెయ్యి లాక్కునేది. "ఆ ఉప్పు నీళ్ళలో పారేస్తే సరిపోదు, కూరలో గూడా తగ్గించు" అంటే పడీపడీ నవ్వేది. నవ్వి, మిగిలిన ఉప్పు నా చుట్టూ కూడా తిప్పేసేది. వద్దన్నా వినేది కాదు. "ఒంటరిగా తిరిగే ఆడమనిషివి. నీకు ఎవురు తీస్తారు?" అనేది.

చలికాలంలో పార్కు మళ్ళనిండా పూలుంటాయి. ఎండలు ముదరగానే తోటవాళ్ళు వచ్చి, ఇంకా రంగు వాడని మొక్కల్ని కూడా వేళ్ళతో సహా లాగి బండిలో వేసుకుపోతారు. మొన్న మే నెలలో ఆమె దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చుంది. "వాటికి గూడా వీసా ఖలాస్ అయినట్టుంది" అంది. మర్నాడు ఆమె ప్రయాణం. పాపకు తీసింది, నాకు తీసింది, కొంగు దులుపుకుంది. "బిడ్డను అప్పుడప్పుడు సూస్తా ఉండు" అని చెప్పి, వెనక్కి తిరగకుండా గేటు దాటింది.

మేడమ్‌కు నేనే ఫోన్ చేశాను. నాకు వచ్చిన అరబ్బీ, ఆమెకు వచ్చిన హిందీ కలిపి చెప్పాను. ఆమె పెద్దగా ఏడ్చింది, నేను అనుకోలేదు. చివరికి, పాపకు మాత్రం చెప్పొద్దంది. పరీక్షలున్నాయి, ఖాలా ఊళ్ళో ఉందనే అనుకోనీ, మెల్లగా మర్చిపోతుంది అంది. సరేనన్నాను. తల్లి కదా, నేనెవరిని?

జూన్ ఉక్కలో పార్కుకు ఎక్కువమంది రారు. అయినా ఒక సాయంత్రం ఆ పాప వచ్చింది, కెన్యా నుంచి కొత్తగా వచ్చిన పనమ్మాయి చెయ్యి పట్టుకుని. నన్ను చూడగానే ఆ చెయ్యి వదిలేసి పరుగెత్తింది. ఇన్నాళ్ళూ ఎవరితోనూ తెలుగు మాట్లాడలేదేమో, మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"ఖాలా ఎప్పుడొస్తాది?"

"ఒళ్ళు బాగలేదంట నాన్నా" అన్నాను. అంతకన్నా పెద్ద అబద్ధం నా నోటికి రాలేదు.

పాప వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "నాకు తీసింది. నీకు తీసింది. ఖాలాకు ఎవురు తీసినారు?"

ఇన్నేళ్ళు అదే బెంచీ మీద పక్కన కూర్చున్నదాన్ని, నాకా ప్రశ్నే రాలేదు.

పాప గౌను జేబులో చెయ్యి పెట్టి గుప్పెడు ఉప్పు పొట్లాలు తీసింది. పార్కులో చిప్స్ బండి దగ్గర ఇచ్చే చిన్న కాగితం పొట్లాలు. కొన్ని చెమటకు మెత్తబడి ఉన్నాయి. "ఖాలా వచ్చినాక తీస్తా. దాచి పెట్టినా. అమ్మకు చెప్పలా" అంది.

ఆ పొట్లాలు చూశాక నావల్ల కాలేదు. రాని మనిషి కోసం ఈ పిల్ల ఇంకా ఎన్నాళ్ళు ఉప్పు కూడబెడుతుంది? పరీక్షలు అయిపోతాయి, సెలవులు అయిపోతాయి, జేబు నిండుతూనే ఉంటుంది. మేడమ్‌కిచ్చిన మాట తప్పాను. తప్పానని ఆమెకు ఆ తర్వాత నేనే చెప్పాను. పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తనకు అర్థమయ్యే మాటల్లోనే చెప్పాను. "ఖాలా ఇంక రాదు బంగారూ. చచ్చిపోయింది. అల్లా దగ్గరికి పోయింది."

పాప ఏడవలేదు. పొట్లాల వంక చూసుకుంది. కొత్త పనమ్మాయి దూరంగా నిలబడి ఏం జరుగుతుందో తెలియక మమ్మల్నే చూస్తోంది. పాప అడిగింది.

"చచ్చిపోయినోళ్ళకు తీయొచ్చా?"

దిష్టి లేదని ఖాలాతో ఎన్ని సాయంత్రాలు వాదించానో నాకే తెలియదు.

"తీయొచ్చు" అన్నాను.

పాప పొట్లాలన్నీ చించి అరచేతిలో పోసుకుంది. బెంచీ మీద వేపచెట్టు వైపు చివర, ఖాలా కూర్చునే చోటు చుట్టూ చెయ్యి తిప్పింది. అచ్చం ఆమె గొంతే. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, పడవోళ్ళ దిష్టి, పోటోలు దీసేటోళ్ళ దిష్టి." అక్కడ ఆగి, తనంతట తాను ఒకటి చేర్చింది. "విమానం దిష్టి. అన్నీ నీళ్ళపాలు."

రెయిలింగు దగ్గర పాప మునివేళ్ళ మీద నిలబడి ఉప్పు విసిరింది. కొంత నీళ్ళలో పడింది, కొంత గాలికి వెనక్కి వచ్చి నా మొహాన తగిలింది. తర్వాత పాప వెళ్ళి కొత్త పనమ్మాయి చెయ్యి పట్టుకుంది. అప్పటికి ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే నడిచింది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. గేటు దాటేదాకా, ఖాలా నేర్పినట్టే, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

నేను తిరిగి చూశాను. బెంచీ మీద ఆమె కూర్చునే చోట కొంచెం ఉప్పు రాలి ఉంది.