మేస్త్రీ చుట్టిన తీగ

బోగోలు దగ్గర మా మామ చేలో బావి లోతు చేయిస్తుంటే రాయి తగిలింది. ఊరికి ఇంకా కరెంటు రాలేదు గానీ కావలి నుంచి డీజిలు కంప్రెసరు వచ్చింది. దాని గాలిగొట్టం ముంజేయంత లావు. రాతికి బెజ్జాలు వేసే మిషను పట్టడానికి కావలి కుర్రవాణ్ణి, సాయానికి నన్ను బావిలోకి దించారు. నేను దిగింది రాయి మీద ప్రేమతో కాదు. మధ్యాహ్నం అన్నం తెచ్చేది మామ కూతురు. ఆమె నాకేనని ఎప్పుడో తీర్మానించుకున్నాను. ఇంకెవరికీ చెప్పలేదు, అంతే.

గొట్టం మిషనుకు అతికేచోట బిగింపు అరిగిపోయింది. మేస్త్రీ ఇనుపతీగ చుట్టి, "ఉంటాదిలే, ఏం కాదు" అన్నాడు.

ఉండలేదు. ఊడిన గొట్టం ఒడ్డున పడ్డ వాలుగ చేపలా బావంతా కొట్టుకుంది. మొదటి దెబ్బ కావలివాడి కుడి ముంజేతి మీద, రెండోది నా పిరుదుల మీద. గొట్టం ఒకటే, గాలి ఒకటే. కానీ అతని గాయం ఊరంతా వచ్చి చూసింది. నాది డాక్టరు కూడా అయిష్టంగానే చూశాడు.

అతనికి మామ పంచలోనే మంచం వేశారు. ఆమె అన్నం కలిపి, చేపముల్లు తీసి, అతని ఎడమచేతికి ముద్దలు అందించేది. నేను గుంజ పక్కన నిలబడి తినేవాణ్ణి.

"నాక్కూడా ముల్లు తీయొచ్చు గదా!"

"నీ చేతులకేమైంది బావా? కూర్చోని తిను."

"అదే కుదరడంలా."

ఆమె నవ్వింది. అంతలో అతను మూలిగాడు. నవ్వు ఆపి వెళ్లి దిండు సర్దింది. మూలుగులో అంత లాభం ఉందని నాకెవరూ చెప్పలేదు.

కట్టు విప్పాక అతని వేళ్లు ముడుచుకోలేదు. ఇక మిషను పట్టలేడు.

"మన బావిలో పోయిన చెయ్యి. పిల్లనిస్తా," అన్నాడు మామ. పిల్లనడిగితే, "అడగడానికి ఇన్నాళ్లా?" అందట. నా పది వేళ్లూ చక్కగా ముడుచుకుంటున్నందుకు వాటి మీద మండిపడ్డాను.

పెళ్లినాటికి నేను కూర్చోగలుగుతున్నాను. అయినా నిలబడే చూశాను. అతను తాళి ఎత్తాడు గానీ ముడి పడలేదు. అతని అక్క వచ్చి మూడు ముళ్లూ వేసింది.

నా పక్కనున్న మేస్త్రీ మెడ సాచి చూసి, "ఉంటాదిలే, ఏం కాదు" అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు కాస్త ఆశ కలిగింది.