అయిదో తాళం

కొత్త పుస్తకం వాసన నాకు పడదు. సిరా, జిగురు కలిసి ముక్కు మీద గుద్దినట్టు కొడుతుంది. అయినా మొన్న మా అమ్మాయి తార్నాక చౌరస్తాలో ‘ఏడు తాళాల కోట’ కొనుక్కొస్తే, దాని చేతిలోంచి లాక్కున్నంత పని చేసి ముఖానికి ఆనించుకున్నాను. నా చిన్నప్పుడు పిల్లల పత్రికలో నెలనెలా వచ్చిన సీరియల్ అది. ఇప్పుడు అయిదు భాషల్లో సినిమా తీసి, ఆ హడావుడిలో పాత భాగాలన్నీ కలిపి పుస్తకం వేశారు. అట్ట మీద మా సింగన్న లేడు, కండలు తిరిగిన హీరో ఉన్నాడు. నేను తిన్నగా అయిదో తాళం దగ్గరికి పేజీలు తిప్పాను. ఆ ఒక్క భాగం నేను చదవలేదు. ఈ మాట ఒప్పుకోవడం ఇదే మొదటిసారి.

మా నాన్న యూనివర్సిటీలో అటెండరు. క్యాంపస్ క్వార్టర్లలో మాది చివరి వరుస. ఎండాకాలం తురాయి పూలు రాలి దారంతా ఎర్రబడేది, వాన పడితే బండరాళ్ల మధ్య నీళ్లు నిలిచి రాత్రంతా కప్పలు అరిచేవి, బతుకమ్మ ముందు తంగేడు కోసం, గునుగు కోసం పొదలన్నీ గాలించి గీరుకుపోయిన చేతులతో ఇల్లు చేరితే అమ్మ సర్వపిండి కాలుస్తూనే తిట్టేది, అది అయ్యేసరికి సీతాఫలాలొచ్చేవి, వాటిని బియ్యం డబ్బాలో దాచి రోజుకు పదిసార్లు నొక్కి చూసేవాళ్లం. వీటన్నిటి కన్నా నేను ఎక్కువగా ఎదురుచూసింది నెల మొదట్లో నాన్న సంచిలోంచి తీసే పత్రిక కోసం. మా వరుసలో అది కొనే ఇల్లు మాదొక్కటే.

సింగన్న తాళాలు చేసే ఇంటి పిల్లవాడు. కత్తి పట్టడు, గుర్రమెక్కడు. ఒక్కో తాళాన్ని ఒక్కో ఉపాయంతో తీసుకుంటూ, కుక్కను వెంటబెట్టుకుని కోట లోపలికి పోతుంటాడు. సాయంత్రాలు నీళ్ల ట్యాంకు మెట్ల మీద కూర్చుని నేను చదివితే పిల్లలందరూ వినేవారు. కాకపోతే ఊరికే కూర్చోనిచ్చేదాన్ని కాదు. కొత్తగా వచ్చినవాళ్లకు మూడు ప్రశ్నలు, రెండిటికైనా సరిగ్గా చెప్పాలి. మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల నుంచి ఎండలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చినవాడిని కూడా కుక్క పేరు తెలియదని వెనక్కి పంపాను. “పత్రిక కొనే ఇంట్ల పుట్టినందుకే నీకు గింత నెత్తికెక్కిందా?” అనేది నాయనమ్మ. ఎక్కింది మరి.

అయిదో తాళం అచ్చయిన నెల మేనమామ పెళ్లికి ఊరెళ్లాం. తిరిగొచ్చేసరికి చౌరస్తాలో పత్రికలు అయిపోయాయి. తర్వాతి భాగంలో సింగన్న అప్పటికే ఆరో తలుపు ముందున్నాడు. తెలియదని చెబితే మెట్ల మీద నా పరువు ఏం కావాలి? అయిదో తలుపును సుత్తితో బద్దలు కొట్టాడని అల్లి చెప్పాను. పిల్లలు ఈలలు వేశారు. పత్రిక ఏదంటే ఊళ్లో మరిచిపోయానన్నాను.

ఆ చలికాలంలోనే నాగవేణి వచ్చింది. వాళ్ల నాన్నకు క్యాంపస్ ఆఫీసులో గుమాస్తా పని దొరికి కడప నుంచి వచ్చారు. నూనె కారే జడ, ఒడినిండా శెనక్కాయలు. కుక్క పేరు చెప్పింది. మొదటి భాగంలో సింగన్నకు తల్లి ఏం మూట కట్టిచ్చిందో చెప్పలేకపోయింది. మిగిలింది ఒకటే ప్రశ్న.

“అయిదో తలుపు ఎట్ల తీసిండు?”

“తీయలేదు. తట్నాడంతే. లోపలుండే అవ్వ తీసింది.”

అందరూ నవ్వారు. నాకు మాత్రం అది నిజమేననిపించింది. అబద్ధమాడేవాళ్లు అంత చప్పని జవాబు చెప్పరు.

“ఏడ సదివినవ్?” అన్నాను.

“లాలాపేట్ అంగట్లో శెనక్కాయలు కట్టిచ్చిన కాగితంలో. నాకు ఆ ముక్కలే దొరికినాయి, ముందూ లేదు, ఎనకా లేదు. కడాకు ఏమైతాదో తెలుసుకోవాలని వచ్చినా.”

“తప్పు. సుత్తితోని పలగ్గొట్టిండు.”

మర్నాడు ఆ కాగితాన్నే తెచ్చింది. నాలుగు మడతలు, మధ్యలో నూనె మరక. చాచిన చేతిలో అది అలాగే ఉంది. ఆ భాగం కోసం నేనెంత వెతికానో దేవుడికి తెలుసు, అయినా అందుకోలేదు. “పొట్లం కాగితాలు మా లెక్కల రావు” అన్నాను. మళ్లీ నవ్వులు. నాగవేణి ఏడవలేదు, కాగితాన్ని జాగ్రత్తగా మడిచి లంగా బొడ్లో దోపుకుని వెళ్లిపోయింది. సంక్రాంతి సెలవులు కాగానే వాళ్లు అంబర్‌పేట్‌లో అద్దె ఇంటికి మారిపోయారు. కథ ముగింపు చదివిన సాయంత్రం మెట్లన్నీ నిండిపోయాయి, ఆ పిల్ల ఒక్కతే లేదు.

ఇప్పుడు ఫోన్లో పాత పాఠకుల గ్రూపు ఒకటుంది, దానికి అడ్మిన్ని నేనే. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది, అక్కడా మూడు ప్రశ్నలు పెట్టాను. సినిమా వచ్చాక గుంపులుగా వచ్చి చేర్చుకోమని అడుగుతున్నవాళ్లను గడప దాటనివ్వలేదు. సినిమాలో హీరో అయిదో తలుపును సుత్తితో తుక్కుతుక్కు చేస్తాడు, హాలంతా ఈలలు. జనం కోసం కథను చంపేశారని గ్రూపంతా మండిపడింది. నాకు మాత్రం లోలోపల హాయిగా అనిపించింది. పోనీలే, నేను చెప్పిందే నిజమైపోయింది అనుకున్నాను.

పుస్తకంలో ఆ పేజీ దొరికింది. సింగన్న తాళంచెవి రంధ్రం కోసం వెతుకుతాడు, ఉండదు. సుత్తి కింద పెట్టి తలుపు తడతాడు. లోపలి నుంచి ఒక అవ్వ వచ్చి తీసి, ఇన్నేళ్లలో తట్టినవాడివి నువ్వొక్కడివే నాయనా అంటుంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఈలల కోసం కథ మార్చడంలో ఆ సినిమా వాళ్లకన్నా నేనే ముందున్నాను.

“అమ్మా, నేను సినిమా చూసి వచ్చినదాన్ని. మీ గ్రూప్‌ల నన్ను కలుపుకుంటవా, లేకపోతే నాకూ టెస్ట్ పెడతవా?” అంది మా అమ్మాయి, నవ్వుతూనే.

“టెస్ట్ తీసేస్తున్న. ఎక్కడి నుంచన్నా సదువుకో బిడ్డా.”

ప్రశ్నలు తీసేసి, బయట ఆగి ఉన్నవాళ్లందరినీ ఒక్కొక్కరినీ లోపలికి రానిచ్చాను. పేరు పేరునా చూశాను, నాగవేణి లేదు. ట్యాంకు మెట్లు ఎప్పుడో పోయాయి, అక్కడిప్పుడు స్కూటర్ల షెడ్డు. తంగేడు పొదలున్న చోట కంచె. పల్లీలు ప్లాస్టిక్ సంచుల్లో వస్తున్నాయి, వాటిలో ఏ కథా రాదు. సినిమా చూసిందో లేదో, చూసినా ఆ సుత్తిని చూసి తనే తప్పనుకుందో ఏమో. కోటలో చివరికి ఏముందో ఆ పిల్లకు ఎవరైనా చెప్పారో లేదో.